రేవు ఎవరిది?



శ్రీరామనవమి కల్యాణమునకు భద్రాద్రి పోయివచ్చిన పెద్దలు మీలో ననేకులుందురు. ఈనాడు మన కారేపల్లినుండి బయలుదేరినవారు బస్సులో కూర్చుండియే గోదావరిని దాటి, క్రింద ఏఱు పారుచున్న సంగతియైన గమనింపకయే గుడి దరికి చేరుచున్నారు. భద్రాచలమువద్ద వంతెన 1965లో తెఱవబడినది. అంతకుముందు ఆవలి యొడ్డు చేరవలయునన్న పడవయే దిక్కు. యాత్రికులు మూటలు దింపుకొని, పిల్లలను చంక నెత్తుకొని, రేవున గంటలకొలది నిలిచియుండెడివారట.

ఆ కాలపు సంగతి యొకటి మా తండ్రిగారు పలుమాఱు చెప్పెడివారు. ఆ రేవు పేరు ఇచ్చట అనవసరము. వఱదదినములు. పడవవాడు నిన్న నొక రేటు, నేడు వేఱొక రేటు అడుగుచుండెను. జ్వరముతోనున్న బిడ్డను భుజమున వేసికొని యొక తల్లి ఒక అణా తక్కువైనదని ఒడ్డుననే కూలబడియుండెను. రోగులవద్దను, గర్భవతులవద్దను రేవుసుంకము తీసికొనరాదని పూర్వులు శాసించిరని మా తండ్రిగారు పడవవానితో వాదించిరట. వాడు కోపపడలేదు. "అయ్యగారూ, మీరు చెప్పేది నిజమే కావొచ్చు. ఆ మాట ఈడ ఏడ రాసి ఉన్నదో చూపియ్యండి" అనెనట. మా తండ్రిగారు తమ చేతి అణా యిచ్చి ఆమెను పడవ నెక్కించిరి. తరువాత మాతో "శ్లోకము నా నోట నున్నదిరా, రేవున లేదు" అనెడివారు.

ఆ మాటయే నేటి నా ప్రసంగమునకు మూలము. నీరు దేవునిది, ఒడ్డు దొరది, పడవ సరంగుది, మూట బాటసారిది. ఈ నలుగురి సొత్తులును కలిసెడి చోటు రేవు. అట్టి రేవు ఎవరిది? దానిని ఏలువాని కర్తవ్య మెట్టిది? మన దేశమునను, పరదేశములందును ఈ ప్రశ్నకు కాలక్రమమున వచ్చిన సమాధానములను కొన్నింటిని మనవి చేసెదను.

మొదట మన శాస్త్రము. 1909లో మైసూరునందు శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున నావధ్యక్షుడను అధికారిని గూర్చి యొక ప్రకరణము కలదు. సముద్రపు రేవులు, ఏటి రేవులు, పెద్ద చెఱువులలోని పడవలు, వీని పాలన యంతయు నాతనిది. రేవుసుంకము ఇంతయని కౌటిల్యుడు లెక్కకట్టి చెప్పెను. చిన్న పశువునకును, చేతిబరువుతో నున్న మనుష్యునకును 1 మాషము. తలమూటకును, ఆవునకును, గుఱ్ఱమునకును 2. ఒంటెకును, దున్నకును 4. చిన్న బండికి 5, నడిమి బండికి 6, పెద్ద బండికి 7 మాషములు. ఇట్లు తెఱగు తెఱగున విడమరచి చెప్పుట యెందులకు? పడవవాని నోటిమాటకు చోటు మిగులకుండుటకే. బాలురు, వృద్ధులు, రోగులు, గర్భవతులు, సన్న్యాసులు, బ్రాహ్మణులు, రాజాజ్ఞ తీసికొని పోవువారు నావధ్యక్షుని ముద్రతో ఊరక దాటవచ్చును. మనుస్మృతియు ఇంచుమించుగా నిట్లే గర్భవతులకును, యతులకును సుంకము మాన్పినది.

ఇంతకంటె గొప్పమాట లచ్చట రెండు కలవు. గాలివాన కొట్టి దారితప్పి రేవు చేరిన యోడను అధికారి తండ్రివలె ఆదరింపవలయునట. నీట తడిసిన సరకునకు సుంకము విడువవలయును, లేదా సగము తగ్గింపవలయును. ఇది మొదటిది. నడుపువారు చాలక, సాధనములు లేక, మరమ్మతు లేని నావ మునిగినచో పోయిన సొత్తునకు నావధ్యక్షుడే బాధ్యుడగును. ఇది రెండవది. సుంకము పుచ్చుకొనుట హక్కనువాడు, నష్టము పూడ్చుటయు తన బాధ్యతయని యొప్పుకొనవలయునని దీని తాత్పర్యము. అనుమతి లేక అకాలమున, రేవు కాని చోట ఏఱు దాటినవానికి దండనయు కలదు. కట్టుబాటు ఉభయులకును కలదన్నమాట.

శాస్త్రమున నున్నది రేవున నుండినదా యని మీ రడుగవచ్చును. తఱచు లేకుండెను. అందులకు సాక్ష్యము మన తెలుగురాజు చెక్కించిన శిలాశాసనమే.

బాపట్ల జిల్లాలో చినగంజాము దరిని సముద్రతీరమున మోటుపల్లి యను గ్రామము కలదు. ఓరుగల్లు నేలిన కాకతీయుల కాలమున నది మహాపట్టణము, పేరుపడిన ఓడరేవు. అచ్చట వీరభద్రస్వామి యాలయమున కాకతీయ గణపతిదేవ మహారాజు శకవర్షము 1166, అనగా క్రీస్తుశకము 1244-45 నాటి శాసనము నిలిపించెను. చరిత్రకారులు దీనిని అభయశాసన మందురు. మన ఖమ్మము సీమయు నాడు ఆ ప్రభువు ఏలుబడిలోనిదే కనుక, ఆ మాట మన రాజు ఇచ్చిన మాటయే.

దాని సారాంశ మిది. పూర్వపు రాజులు, ఒక దేశమునుండి వేఱొక దేశమునకు పోవుచు తుపానున జిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వమును బలాత్కారముగా గైకొనుచుండిరి. ప్రాణముకంటె ధనమే గొప్పయని తలచి, యంతటి సాహసముతో సముద్రయానము చేయు వర్తకులయందు దయచేత, కీర్తికొఱకును ధర్మముకొఱకును, మేము నియతమైన సుంకము తప్ప తక్కిన దంతయు విడిచితిమి. ఆ సుంకము ఎగుమతికిని దిగుమతికిని ముప్పదింట నొకపాలు. పిమ్మట చందనము, కర్పూరము, చీనకర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, పట్టు, మిరియములు, పోకలు మొదలగువానికి సుంకముల పట్టిక యీయబడినది.

ఈ శాసనమునందు మూడు విశేషములు పరికింపదగినవి. రాజు తన పూర్వులు చేసినది బలాత్కారమని వెలికి జెప్పెను. ఏలువారు ఇట్లు చెప్పుట అరుదు. రెండవది, సుంకము ఇంతయని అంకెలలో చెప్పెను. 'తగినంత', 'యథోచితముగా' అను మాటలు వినసొంపుగ నుండును గాని, వానిచాటున అధికారి చేయి పెరుగును. ముప్పదింట నొకపాలన్నచో పెరుగదు. మూడవది, నా కన్నింటికంటె ప్రియమైనది. ఆ శాసనమును రాజు ఓరుగల్లు కోటలో దాచిపెట్టలేదు. ఓడదిగిన వర్తకుని కంటబడునట్లు రేవుపట్టణముననే నిలిపెను. శ్లోకము రేవున నున్నది!

ఇందు రాజునకు నష్టము వచ్చెనా? పగిలిన యోడను దోచుకొన్నవానికి ఒక యోడ సొమ్ము దక్కును; ఆ వార్త విన్న పది యోడలు మఱుసటి యేడు వేఱొక రేవు చూచుకొనును. విడిచినవానికి ఒక యోడ సొమ్ము పోవును. పది యోడల సుంకము వచ్చును. దయయు లాభమును ఒక్కదారినే నడచు సందర్భము లోకమున ఇట్లు అప్పుడప్పుడు తటస్థించును. ఆ శాసనమునకు అర్ధశతాబ్దము తరువాత వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ దేశమును 'ముత్‌ఫిలి' యని ఆ రేవు పేరుతోనే పిలిచి, ఇచ్చటి వజ్రములను, సాలెపట్టువంటి సన్నని వస్త్రములను పొగడెను. న్యాయముగా ఏలుచుండిన రాణిని గూర్చియు వ్రాసెను; ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి యని చరిత్రకారుల యభిప్రాయము.

పగిలిన యోడను రాజు దోచుకొనుట మన దేశపు దుర్గుణ మొక్కటియే యనుకొనరాదు. ఇంగ్లండులోను ఒడ్డున బడిన యోడ రాజుగారి సొత్తే. మోటుపల్లి శాసనమునకు 31 ఏండ్ల తరువాత, 1275లో, మొదటి యెడ్వర్డు రాజు కాలమున నొక చట్టము చేసిరి. మనుష్యుడు గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడినచో ఆ యోడ అనాథసొత్తు కాదనియు, సంవత్సరముమీద నొక దినము లోపల సొంతదారుడు వచ్చి యడిగిన ఇచ్చివేయవలయుననియు దాని భావము. అచ్చట సొత్తు దక్కుటకు పిల్లియైన బ్రతుకవలయును. గణపతిదేవుడు ఆ పిల్లినికూడ అడుగలేదు.

అయితే ఱాతిమీది మాటయు తనంత తాను బ్రతుకదు. 1323లో ఓరుగల్లు పడిపోయెను. రేవు కళ తప్పెను. కొండవీటిరాజ్యము నేలిన అనపోతారెడ్డి 1358లో మోటుపల్లిలోనే మరల శాసనము వేయించి, వర్తకులకు ధైర్యము చెప్పవలసి వచ్చెను. వచ్చి నివసించువారికి భూమి యిత్తుమనియు, పోదలచినప్పుడు ఆటంకపఱుపమనియు, సరకు తమ కిష్టమైనవారికి అమ్ముకొనవచ్చుననియు, సంతులేక మరణించిన వర్తకుని సొత్తు రాజు గైకొను అపుత్రిక దండమును మానితిమనియు అందున్నది. ఆ రెడ్డిరాజుల కాలపు వర్తకుడు అవచి తిప్పయసెట్టి పరదేశములనుండి సుగంధద్రవ్యములు తెప్పించిన వైభవము శ్రీనాథుని హరవిలాసముచే నేటికిని మనకు తెలియుచున్నది. తండ్రి చేసిన బాసను కొడుకు మరల చేయనిచో అది చెల్లదు. రేవుధర్మము తరమునకొకమాఱు నూతనముగా చేసికొనవలసిన ప్రమాణము.

ఇక సముద్రము విడిచి మన యేటికి వత్తము. 1860 డిసెంబరులో నిజాముప్రభుత్వమునకును ఇంగ్లీషువారికిని జరిగిన సంధివలన గోదావరి యెడమయొడ్డున నున్న భద్రాచలము, రేకపల్లి, చర్ల, ఆలుబాక, నూగూరు, సిరోంచ తాలూకాలు ఇంగ్లీషువారికి పోయెను. కుడియొడ్డు నిజాముగారిది. ఒక యేటికి ఇద్దఱు దొరలు! ఇట్టిచోట బాటసారి రెండొడ్డులను రెండు సుంకము లిచ్చుకొనవలసినదేమోయని తోచును. కాని అదే సంధిలో నొక మంచి షరతు చేరెను. ఏఱు సరిహద్దుగా నున్నంతమేర, ఎగువకు దిగువకు పోవు సరకుపై ఉభయ ప్రభుత్వములుగాని, వారి ప్రజలుగాని ఏ సుంకమును తీసికొనరాదు. అప్పటి యాశ పెద్దది. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటను దొర తలచినట్లు, నాగపూరు వైపు ప్రత్తి పడవలమీద సముద్రమునకు చేరవలయునని దుమ్ముగూడెము మొదలగు చోటుల పనులు జరిపిరి. 1871లో ఆ పథకమును విడిచిరి. ప్రత్తి రైలుబండి నెక్కెను. దుమ్ముగూడెపు ఆనకట్ట మాత్రము నిలిచినది. భద్రాచలము 1874లో గోదావరి జిల్లాలో కలిసినది.

ఇది ఎగువకు దిగువకు పోవు దారి మాట. అడ్డముగా దాటు రేవులకు వేఱు కట్టుబాటు. ఉత్తర హిందూస్థానమునకు 1878లోను, మదరాసు రాజధానికి 1890లోను చట్టములు వచ్చెను. రేవు ప్రజలదని ప్రభుత్వము ప్రకటించును. దాటించు హక్కును కొంతకాలమునకు వేలము వేయును. దీనినే మనవారు రేవుపాట యందురు. 1878 చట్టమున రెండు నియమములు చూడుడు. ఆ రేవునకు రెండుమైళ్ళ లోపల వేఱొకడు అనుమతి లేక పడవ నడుపరాదు. పాటదారు సుంకముల పట్టికను దేశభాషలో స్పష్టముగా వ్రాయించి అందఱికిని కనబడుచోట రేవున కట్టవలయును. మొదటిది పాటదారునకు వరము. రెండవది బాటసారికి వరము. మొదటిదానిని ఎవరును మఱువరు. రెండవది మఱపున బడుట సులభము; మా తండ్రిగారు ఎదుర్కొన్నది అట్టి మఱపునే.

రేవుపాట కొలదికాలపు హక్కు. ఆ హక్కును శాశ్వతముగా నమ్ముకొన్న పట్టణ మొకటి కలదు. దాని కథ వినదగినది. అమెరికాలోని న్యూయార్కు నగరమునకు 1686లో ఇంగ్లీషు గవర్నరు ఇచ్చిన సనదువలన ఆటుపోటుల నడుమనున్న తీరభూమి నగరసభ సొత్తయ్యెను. నగరసభ ఆ నీటిభూములను ముక్కలుగా ధనికుల కమ్మెను. కొనినవారు ఒడ్డు కట్టి, నీటిలోనికి కఱ్ఱజెట్టీలు చాచి, సుంకము వసూలు చేసికొనిరి. మొదట నగరమునకు చేతిలో సొమ్ము పడెను. ఖర్చు లేకయే రేవు వెలసెను. కాని నూఱేండ్లు గడచుసరికి ఎవరి ముక్క వారిది, మరమ్మతు లేదు, కఱ్ఱలు క్రుళ్ళెను, అంతటి పెద్ద వర్తకపట్టణమునకు రేవు సిగ్గుచేటయ్యెను. 1870లో నగరము జెట్టీలకై ప్రత్యేకశాఖ నేర్పఱచి, సేనానిగా పేరొందిన మెక్లెల్లనును ప్రధాన ఇంజనీరుగ నియమించి, తీరమునకు ఱాతిగోడ కట్ట నారంభించెను. పూర్వ మమ్మిన హక్కులను సొమ్మిచ్చి మరల కొనసాగెను. తాత అమ్మిన పొలమును మనుమడు పదింతల ధరకు కొనుట మన యూళ్ళలోను ఎఱిగినదే. కొత్త జెట్టీలను నగరము అమ్మలేదు; ఓడల కంపెనీలకు కౌలున కిచ్చెను. 1912లో టైటానికు మునిగినప్పుడు బ్రతికి బయటపడినవారు దిగినది ఆ నగరము కట్టించిన జెట్టీ యొకదానిమీదనే.

ఇంతవఱకు ఓడను గూర్చి, సరకును గూర్చి, బాటసారిని గూర్చి చెప్పితిని. బరువు మోయువానిని గూర్చి చెప్పలేదు. శాసనములును అంతే; చందనమునకు సుంకమెంతయో చెప్పినవి గాని, చందనపు మూట మోసినవాని కూలి యెంతయో చెప్పలేదు. ఈ లోపము ఎంత దూరము పోవునో తెలుపుటకు మన తెలుగువారి రక్తము చిందిన కథయే కలదు. బర్మాలోని రంగూనునందు రేవుకూలీలలో మనవారు వేలకొలది యుండిరి. కాకినాడ దరినున్న కోరంగి రేవు పేరున వారిని కోరంగీలని పిలిచెడివారు. రంగూను రేవును ఏలుటకు కమీషనర్ల సంఘ మొకటి యుండెను; జెట్టీలకు లెక్కలు, స్టీమర్లకు వేళలు, సరకునకు రేట్లు, అన్నియు క్రమముగా నుండెను. కూలివాని సంగతి మాత్రము మేస్త్రీల చేతిలోను, సరకు దింపు కంపెనీల చేతిలోను ఉండెను. 1930 మే నెలలో తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని పని మానిరి. కంపెనీలు బర్మావారిని పనికి పెట్టుకొనెను. పిమ్మట తెలుగువారితో రాజీపడి బర్మావారిని పొమ్మనెను. ఆకలిగొన్న ఇరువురు పేదల నడుమ మంట రాజెను. మే 26వ తేదీన ఆరంభమైన అల్లరిలో అనేకులు మనవారు హతులైరి. రేవును ఏలినవారు ఓడలకు చోటు చూపిరి గాని, మనుష్యునకు చోటు చూపలేదు.

ఈ మాటలన్నియు పాతవని త్రోసిపుచ్చ వీలులేదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలకు పోవు విహారపు బోటు కచ్చులూరువద్ద వఱద గోదావరిలో మునిగి 40 మందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. వారిలో మన వరంగల్లు వైపువారును కలరు. ఆ పిమ్మట బోట్లు బయలుదేరు చోటులందు పర్యవేక్షణగదు లేర్పఱచిరి. నష్టము జరిగినచో నావధ్యక్షుడే బాధ్యుడన్న కౌటిల్యుని వాక్యము నాకు ఆనాడు జ్ఞప్తికి వచ్చినది. వఱదనాడు పడవ విడువవచ్చునా కూడదా యని చెప్పవలసిన చోటు రేవే. ఆ మాట పడవ విడువకమునుపు చెప్పవలయును గాని, మునిగినపిమ్మట కాదు.

కావున రేవు ఎవరిదన్న ప్రశ్నకు నాకు తోచిన సమాధాన మిది. రేవు ఏలువాని సొత్తు కాదు, అతని పూచీ. రాజైనను, నగరసభయైనను, పంచాయతియైనను, ఆ పూచీ చెల్లించినంతవఱకే సుంకమున కర్హుడు. దానిని కొలుచుటకు నాలుగు ప్రశ్నలు చాలును. రేటు అంకెలలో వ్రాసి అందఱికిని కనబడుచోట నుంచిరా? ఆపదలో నున్నవానిని దోచుకొనక ఆదుకొనిరా? హక్కును ఎన్నటికిని తిరిగిరానట్లు అమ్ముకొనిరా, తిరిగి చేతికి వచ్చునట్లు ఇచ్చిరా? బరువు మోయువానికి, పడవ నడుపువానికి ఆ కట్టుబాటులో చోటు కలదా?

మా కారేపల్లికి ఏఱు లేదు, ఈ ప్రసంగము మాకేల యని మీరనవచ్చును. సంత మెట్టమీది రేవు కాదా? అడవినుండి చింతపండు, ఇప్పపువ్వు తలమీద బెట్టుకొని వచ్చిన కోయ సోదరి దిగు రేవది. తైబజారు పాట పాడినవాడు ఆమె గంపకు ఇంతయని నోటికి వచ్చినది అడుగుచున్నచో, మోటుపల్లిలో గణపతిదేవుడు ఱాతిమీద చెక్కించిన మాట మన యూరికింకను చేరలేదన్నమాట. గ్రామపెద్దలైన మీరు వచ్చు పాటనాడు ఒక్కపని చేయుడు. పాట ఎంతకు పోయినదని యడుగుటతో తృప్తిపడక, రేట్ల పలక ఎక్కడ కట్టితిరని యడుగుడు. చదువను నేర్చినవారు చదువలేనివారికి ఆ పలకను చదివి వినిపింపుడు.

ఆనాడు ఒడ్డున కూర్చున్న ఆ తల్లికి కావలసినది ఒక అణా కాదు, ఒక పలక.